కోటేషు లారీలో పీరు మీటరు బోర్డు

పర్చూరు నించి చిలకలూరిపేట పోయే దారిలో పాత కాటా ఉంది, చూశారా? అదే, లోడు లారీలు తూచే కాటా. ఇనప పలక తుప్పు పట్టింది, గది కప్పు కూలింది, వెనకాలే కాలవ. చీకట్లో అక్కడ ఎవడూ బండి ఆపడు. టైరు పేలినా ఆపడు. రిమ్ము మీద ఈడ్చుకుంటూ పోతాడు గానీ… ఆపడు.

నేను ఆపా. నాకేంటి భయం? ఆపి, దిగి, ఆ పలక మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, ఎవడ్రా ఇక్కడ అని అరిచా. ఎవడూ పలకలా.

పగలేలెండి. మిట్టమధ్యాన్నం. అయినా ఆపింది ఆపిందే కదా. నవ్వే మొహాలు ఒక్కసారి ఆపి చూపించండి, తరవాత నవ్వుదురు గాని.

ఆ కాటా దగ్గరే పీరు పోయాడు. లారీ డ్రైవరు. పత్తి బేళ్ళు వేసుకుని వస్తున్నాడు. మంచు. మలుపులో బ్రేకు తొక్కితే పడలేదో, అసలు తొక్కనే లేదో — చెప్పడానికి మనిషి మిగల్లా. కాలవ గట్టు రాళ్ళకి కొట్టేశాడు. అప్పట్నించీ అటు పోయే డ్రైవర్లు తలా ఒకటి చెప్తారు. ఒకడికి అద్దంలో వెనక లైట్లు కనపడతాయి, తిరిగి చూస్తే బండి ఉండదు. ఒకడికి ఒంటరిగా పోతుంటే క్యాబిన్లో దగ్గు వినపడుద్ది.

నేను ఇవేవీ నమ్మను. కోటేషు సంగతి మాత్రం నమ్ముతా. ఎందుకంటే వాడు చెప్పిందీ విన్నా, రాజ్యమ్మ చెప్పిందీ విన్నా. ఆ ఇద్దరికీ క్షణం పడదు. పడని ఇద్దరు ఒకే మాట చెప్పారంటే… అది అబద్ధం ఎట్టా అవుద్ది?

కోటేషు లారీ ఓనరు, డ్రైవరు, రెండూ వాడే. గొప్పలు కొయ్యడంలో ఈ చుట్టుపక్కల నా తరవాతే. వాడి బండి సంగతి చెప్తే మీరు నమ్మరు. గేరేస్తే తలుపు తెరుచుకుంటుంది, తలుపేస్తే వైపరు తిరుగుద్ది. మీటరు బోర్డులో ముళ్ళన్నీ పదేళ్ళ కిందటే చచ్చాయి. డీజిలు ఎంతుందో కర్ర ముంచి చూస్తాడు. ఇంజను కాగిందో లేదో వాసన పట్టి చెప్తాడు.

అట్టాగే బతికేవాడు. కానీ నెలాఖరుకి బండి బ్రేకుకి పోవాలి. అంటే ఆఫీసరు చూసి, ఇంకా రోడ్డు మీద తిరగొచ్చని కాయితం ఇచ్చేది. ఈసారి మీటరు పనిచెయ్యకపోతే కాయితం రాదన్నారు. కాయితం లేకపోతే బండి తుక్కు. వాడికి పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఆ బండే.

కొత్త బోర్డు అంత పాత బండికి దొరకదు. గుంటూరు ఆటోనగర్లో హయాత్ భాయ్ తుక్కు కొట్టుకి వెళ్ళాడు. అక్కడ ఒక లారీ ఉంది. ముందంతా నుజ్జయింది గానీ, మీటరు బోర్డు చెక్కు చెదరలా. అద్దం కూడా పగల్లా. అది పీరు బండి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చచ్చిపోయిన డ్రైవరు బండిలోంచి ఒక్క నట్టు ఊడదియ్యాలన్నా హయాత్ భాయ్‌కి ఒక పద్ధతుంది. ముందు డ్రైవరు తలుపు మీద స్పానరుతో మూడు దెబ్బలు కొడతాడు. “డ్రైవర్ సాబ్, బండి ఖాళీ అయింది. దిగండి” అంటాడు. మర్యాదగా. తరవాత ఒక బీడీ కాలేంతసేపు పక్కన కూచుంటాడు. దిగేవాడికి టైము ఇవ్వాలి కదా. ఆ తరవాతే చెయ్యి పెడతాడు. ఆ లైన్లో ఎవడైనా అంతే చేస్తాడు.

కోటేషు వెళ్ళింది శుక్రవారం మధ్యాన్నం. భాయ్ నమాజుకి పోయాడు. మనవాడికి ఒకటే తొందర. జేబులో స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. ఎక్కాడు, నాలుగు మరలు తిప్పాడు, వైర్లు కోశాడు, బోర్డు చంకలో పెట్టుకుని దిగాడు. భాయ్ వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు.

“చెప్పి ఊడదీశావా?” అన్నాట్ట హయాత్.

“ఎవరికి చెప్పాలి? నువ్వు లేవుగా.”

భాయ్ ఆ బోర్డుని ముట్టుకోలేదంట. రెండడుగులు వెనక్కేసి, తీసుకుపో, మళ్ళీ నా గేటు తొక్కకు అన్నాట్ట. అంతే. చెయ్యి కూడా కలపలా.

బోర్డు పట్టుకొచ్చి పేటలో బుడే ముందు పడేశాడు. బుడే అంటే బండ్లకి కరెంటు పని చేసేవాడు. పనిమంతుడే, నోరు మాత్రం లేదు. వాడు చూసి, అన్నా ఇది కొత్త మోడలు, దీనికి పద్దెనిమిది వైర్లు, నీ బండిలో ఉన్నవి తొమ్మిది, అందులో ప్రాణమున్నవి ఆరు అన్నాట్ట. కోటేషు నెత్తిన కూచున్నాడు. పని రాకపోతే రాదని చెప్పు, మీ నాన్న ఉంటే గంటలో బిగించేవాడు, సాయంత్రానికి ముళ్ళన్నీ లేవాలి అని ఒకటే సాధింపు. బుడే మొహం మాడ్చుకుని పొద్దుగూకేదాకా చేశాడు. సాయంత్రానికి అన్ని ముళ్ళూ లేచాయి. ఎర్ర లైటు, పచ్చ లైటు, అన్నీ వెలిగాయి. కోటేషు ఆ బోర్డుని కొత్తపెళ్ళికొడుకు వాచీ చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఆ బోర్డుతో మొదటి లోడు రాజ్యమ్మ మిరపకాయ.

రాజ్యమ్మ పర్చూరు దగ్గర రైతు. మొగుడు లారీ డ్రైవరే, పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే వ్యవసాయం చేస్తుంది. ఆ ఏడు నల్ల తామర పురుగు ఊరి చేలన్నీ నాకేసింది. అందరూ దున్నేశారు. ఆవిడ మాత్రం పగలూ రాత్రీ చేలోనే పడుండి, చచ్చీ చెడీ నూట పది బస్తాలు దక్కించుకుంది. అదే ఆవిడ ఏడాది తిండి, వచ్చే ఏడాది విత్తనం, అన్నీ. ఇంకో బండి దొరక్క కోటేషు బండికి ఎత్తింది. ఎత్తి, తనూ క్యాబిన్లో ఎక్కి కూచుంది. ఎందుకు పిన్నీ నీకు శ్రమ, పొద్దున బస్సులో రావచ్చుగా అన్నాడు వీడు. నా కాయ గుంటూరు యార్డుకి చేరేదాకా నీ మొహం చూడటమే నాకు పని అందావిడ.

అదీ లెక్క. బండి పోతే వాడు లేడు. కాయ పోతే ఆవిడ లేదు.

తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరారు. మాఘమాసం మంచు. లైటు వేస్తే తెల్ల దుప్పటి కప్పినట్టుంది ముందంతా. క్యాబిన్లో మిరపఘాటు. ఇద్దరూ దగ్గుతూ తిట్టుకుంటూ పోతున్నారు.

ఊరు దాటగానే బోర్డు వేషాలు మొదలయ్యాయి. ఇండికేటరు వేస్తే డీజిలు ముల్లు ఎగురుద్ది. లైటు డిమ్ము చేస్తే వేడి ముల్లు పైకి పోద్ది. హారన్ కొడితే ఎర్ర లైటు కన్ను కొడుతుంది.

“దానికి పిచ్చి పిన్నీ. పట్టించుకోమాక.”

“పిచ్చి దానిక్కాదు.”

అదుగో ఆ ముల్లు చూడు అన్నాట్ట కోటేషు. గాలి ముల్లు. మీకు తెలీకపోతే చెప్తా వినండి, లారీకి బ్రేకు పడేది గాలితో. ట్యాంకులో గాలి ఎంతుందో ఆ ముల్లు చూపిస్తుంది. ఎనిమిది ఉంటే రాజా. నాలుగుకి దిగితే దణ్ణం పెట్టుకోవాలి. సున్నా అయితే… దణ్ణం పెట్టే టైము కూడా ఉండదు. మిగతా ముళ్ళన్నీ గంతులేస్తున్నాయి గానీ ఆ గాలి ముల్లు మాత్రం ఎనిమిది మీద నిలబడింది. గోడకి కొట్టిన మేకులాగా. అది చూసి వాడు మీసం తిప్పాడు.

కాటా ఇంకో కిలోమీటరుంది.

మంచు చిక్కబడింది. వాడు రెండో గేరులోకి దిగాడు. ఇక్కడ ఎవరూ మాట్లాడరు, వాడూ మాట్లాడలా. రాజ్యమ్మ కొంగు బిగించుకుంది.

అప్పుడు బోర్డులో లైట్లు మందగించాయి. ఒకటొకటే… ఆరిపోయాయి. ఒక్క గాలి ముల్లు వెనకాల లైటు మిగిలింది. ఎర్రగా.

ముల్లు కదిలింది.

ఎనిమిది… ఏడు… ఆరు.

కోటేషు మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టాడు. పట్టింది. బండి తగ్గింది. హమ్మయ్య అనుకున్నాడు.

“చూశావా, బ్రేకు పడుతోంది. ఇది అబద్ధం చెప్తోంది” అన్నాడు. గొంతు లేస్తేగా.

అయిదు… నాలుగు.

“ఆపు,” అంది రాజ్యమ్మ.

“ఇక్కడా?”

“ఆపు.”

ఇక్కడ ఆపకూడదు పిన్నీ, కాటా, నీకు తెలుసుగా అని వాడు గొణుగుతున్నాడు. ఆపకపోతే గాలి లేదు. ఆపితే… కాటా. మీరైతే ఏం చేసేవాళ్ళు? ఊరికే చెప్పకండి. ఆలోచించి చెప్పండి.

మూడు… రెండు.

“ఈ బోర్డు ఎవరి బండిది?”

“హయాత్ కొట్లోది.”

“ఎవరి బండిది అంటున్నా.”

వాడు ముందుకి చూస్తూనే ఉన్నాడు. మంచులో కాటా గది కనపడింది… కప్పు లేని గోడ.

“పీరుది.”

రాజ్యమ్మ డ్రైవరు పెళ్ళాం కదా, ఆ పద్ధతి ఆవిడకి తెలుసు.

“దిగమని చెప్పి తీశావా?”

వాడు స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ముల్లు సున్నా మీద పడింది.

రాజ్యమ్మ ఇంకో మాట అనలా. వాడి మోకాలి మీదుగా వంగి, రెండు చేతులా హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగేసింది. వీడు అదిరిపడి కాలు బ్రేకు మీద వేసి తొక్కాడు. కాలు… నేలకి తగిలింది. అడ్డమే లేదు. నీళ్ళలో కాలేసినట్టు దిగిపోయింది.

బండి మూలిగింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. నూట పది బస్తాల బరువు వెనకనించి నెడుతోంది. జారింది… జారింది… ఆగింది. ఇంజను చచ్చిపోయింది.

ముందు టైరుకీ కాలవ గట్టుకీ మధ్య ఒక మంచం వాల్చేంత జాగా.

అడ్డగోలుగా ఇద్దరూ దిగేశారు. వాడు డ్రైవరు తలుపులోంచి, ఆవిడ క్లీనరు తలుపులోంచి. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. కాలవలో నీళ్ళు కదుల్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

రాజ్యమ్మకి భయం కాస్తా కోపమైంది. ఆవిడకి ఏదొచ్చినా కోపంగానే వస్తుంది. క్యాబిన్ కిందనించి జాకీ కడ్డీ లాగింది. డ్రైవరు వైపు తిరిగొచ్చి, రేకు మీద మూడు దెబ్బలు కొట్టింది. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

“పీరూ, నీ బండి ఎప్పుడో తుక్కయింది. ఇది నా కాయ. దిగరా,” అంది.

భాయ్ అయితే దిగండి అనేవాడు. ఈవిడ దిగరా అంది.

ఏమీ కాలా. బీడీ కాలేంతసేపు… ఏమీ కాలా. కోటేషు అయిపోయింది పిన్నీ, పోయాడు అనబోయాడు.

లోపల్నించి… ఠంగ్.

ఠంగ్.

ఠంగ్.

క్యాబిన్ ఖాళీ. ఇద్దరూ బయటే ఉన్నారు, పక్కపక్కనే.

తెరిచున్న డ్రైవరు తలుపు కదిలింది. గాలి లేదు. ఆకు కూడా ఊగట్లా. కొట్టుకోలేదు, విసురుగా పడలేదు. లోపల కూచున్నవాడు చెయ్యి చాపి లాక్కున్నట్టు… మెల్లగా… లాకు టిక్కుమనేదాకా మూసుకుంది.

కోటేషు పారిపోబోయాడు. పో, నా కాయ ఇక్కడుంది, నేను రాను అంది రాజ్యమ్మ. రెండడుగులు వేసి వాడూ ఆగాడు. కాయ ఆవిడదే, బండి వాడిదేగా. కాటా పలక మీద ఇద్దరూ వీపులు ఆనించుకుని కూచున్నారు. జీవితంలో మొదటిసారి తిట్టుకోకుండా. కడ్డీ ఆవిడ ఒళ్ళో. కోటేషు బుడేకి ఫోను చేసి, బ్రేకు గాలి పోయింది, పైపులు, పనిముట్లు పట్టుకురా అన్నాడు. తెల్లారితే గాని నేను ఆ కాటాకి రాను అని బుడే ఖరాఖండీగా చెప్పేశాడు.

ఆ మధ్యలో రెండు లారీలు వచ్చాయి. వీళ్ళు చేతులూపారు. ఎవడాపుతాడు? చీకట్లో, మంచులో, కాటా మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, చేతిలో ఇనప కడ్డీ. ఒకడైతే లోడు బండిని గుర్రంలాగా దూకించాడంట. ఆ డ్రైవరు ఎవరనేది… మీకెందుకు లెండి. కథ వినండి.

తెల్లారింది. మంచు విచ్చింది. బుడే మోటారు సైకిలు మీద వచ్చాడు. క్యాబిన్ జోలికి పోకుండా ముగ్గురూ బండి కింద దూరి చూశారు. వెనక చక్రాలకి గాలి పోయే రబ్బరు పైపు చీలిపోయి ఉంది. పోయిన నెలే వేసిన పైపు. నిలువునా, కత్తిపెట్టి కోసినట్టు.

కోటేషు రోడ్డు చూశాడు. కాటా దాటితే మలుపు, మలుపు దాటితే వంతెన దిగుడు. దిగుడు కింద పొద్దున్నే కూలీల ఆటోలు ఆగే చోటు. బ్రేకు లేని బండి, నూట పది బస్తాలు…

వాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బండి కేసి చేతులు జోడించాడు. పీరన్నా, నిన్ను చెప్పకుండా ఊడదీసుకొచ్చినా నన్ను కాపాడావు, ముల్లు చూపించి ఆపావు అని దణ్ణం పెట్టాడు.

“కాపాడాడా?” అంది రాజ్యమ్మ. “గాలి తీసిందీ వాడే, చూపించిందీ వాడే. నువ్వు కాటా దగ్గర ఆగాలి, అదీ వాడి పంతం.”

బుడే పైపు మారుస్తూ ఉన్నాడు. చేతులు ఆగిపోయాయి.

“ఏ ముల్లు చూపించింది అన్నా?”

“గాలి ముల్లురా. ఎనిమిది నించి సున్నాకి పడింది. ఇద్దరం చూశాం.”

బుడే లేచాడు. డ్రైవరు వైపు పోలా. క్లీనరు వైపు మెట్టు మీద నిలబడే, చేతులు చాపి బోర్డు మరలు తీశాడు. ముందుకి లాగి, అద్దం ఊడదీసి, వీళ్ళకి కనపడేట్టు తిప్పాడు.

ముల్లు ఎనిమిది మీద ఉంది.

“నీ బండికి ఆ వైరే లేదన్నా,” అన్నాడు. నేలకేసి చూస్తూ. “అన్ని ముళ్ళూ లేవాలని నువ్వు ప్రాణం తీశావు. ఆఫీసరు చూస్తే చాలు కదా అని… గమ్ము పెట్టి అతికించేశా.”

చూశారు. ముల్లు మొదట్లో గట్టిపడ్డ గమ్ము చుక్క, సగ్గుబియ్యం గింజంత. పగుల్లేదు. గీత లేదు.

కోటేషు నమ్మలా. గోటితో నెట్టాడు. కదల్లా. బుడే చేతిలో స్క్రూడ్రైవరు లాక్కుని మొనతో నెట్టాడు. ముల్లు విరిగి చేతిలో పడింది గాని… ఎనిమిది కేసి తిరిగున్న మొదలు మాత్రం వెంట్రుకవాసి జరగలా.



రాజ్యమ్మే ముందు తేరుకుంది. వైర్లన్నీ కొయ్యి, అది నా కాయతో రాకూడదు అంది. బుడే కోశాడు. ఆ బోర్డుని గోనెపట్టాలో చుట్టి కాటా గది గోడ అవతలికి విసిరేశారు. బండిలో మీటరు ఉండే చోట ఒక బొక్క మిగిలింది. పైపు బిగింపు అయింది. యార్డులో వేలం పాటలు మొదలయ్యే లోపు పోవాలి, ఆలస్యమయితే ఆ రోజు కాయ అమ్ముడు పోదు.

రాజ్యమ్మ క్యాబిన్ ఎక్కలా. తాడు పట్టుకుని బస్తాల మీదకి పాకింది, ఆ వయసులో. బుడే అప్పటికే మోటారు సైకిలు స్టార్ట్ చేశాడు.

కోటేషు ఎక్కాలి కదా. బండి వాడిది. మూసుకున్న ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాట్ట. బోర్డు పోయింది, ఇంకేముంది అని తనకి తనే చెప్పుకున్నాట్ట. తెరిచాడు. లోపల ఎవరూ లేరు. మంచుకి స్టీరింగు జిల్లుమంటోంది. గేరు రాడ్డు జిల్లుమంటోంది. ఇంజను చల్లారి రెండు గంటల పైమాటే.

కాలు లోపల పెట్టి, ఒళ్ళు వాల్చి, కూచున్నాడు.

సీటు వెచ్చగా ఉంది.